అమ్మాయి ఇంటి హీటర్ కోసం పోస్టాఫీసు డబ్బు తియ్యాలా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని మినియాపాలిస్‌లో ఇల్లు కొన్నారు. ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేస్ పాతబడిందట. హీట్ పంప్ పెట్టిస్తే బిల్లు సగానికి తగ్గుతుందని అమ్మేవాళ్లు చెప్పారట. అమ్మాయి 8 లక్షలు సర్దమంటోంది. 2024లో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో 15 లక్షలు వేశాను. నా మందులు, ఇంటి ఖర్చు ఆ వడ్డీతోనే నడుస్తున్నాయి. తీసి పంపనా? – రిటైర్డ్ టీచర్, అనంతపురం

జవాబు: అమ్మా, ఆ ఖాతా ముట్టుకోవద్దు. అందులోంచి కొంత మాత్రం తీసుకునే వీలు లేదు. 8 లక్షలు కావాలన్నా 15 లక్షల ఖాతా మొత్తం మూయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్లు నిండాక మూస్తే ఒక శాతం కోస్తారు. ఆ కోత ఒక్కసారితో పోతుంది. నా దిగులంతా 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి మీ చేతికొచ్చే 30,750 రూపాయల గురించే.

ఇక హీట్ పంప్ సంగతి. ఎండాకాలం మిద్దె మీద ఏసీ బయటి పెట్టె ముందు నిలబడితే మొహానికి వేడిగాలి కొడుతుంది కదా, అది గదిలోంచి తోడేసిన వేడే. హీట్ పంప్ ఇదే పని తిరగేసి చేస్తుంది. బయటి చలిగాలిలో మిగిలిన వేడిని లాగి ఇంట్లోకి మోస్తుంది. అందుకే చలి మితంగా ఉన్నప్పుడు ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. చలి ముదిరితే ఆ మూడు రెండుకి దిగుతుంది. మినియాపాలిస్‌లో జనవరి రాత్రుల్లో మైనస్ 20 డిగ్రీలంటే వింతేమీ కాదు. చలిదేశాల కోసం చేసిన మోడళ్లు ఆ చలిలోనూ పనిచేస్తాయి, కానీ ఎంత ఖర్చుతో అన్నది చూడాలి.

అమ్మాయిని బిల్లు తీసి రెండు అంకెలు చెప్పమనండి: థర్మ్ గ్యాస్ ఎంత, యూనిట్ కరెంటు ఎంత. (థర్మ్ అంటే అక్కడ గ్యాస్‌ని కొలిచే లెక్క.) థర్మ్‌లో సుమారు 29 యూనిట్ల వేడి ఉంటుంది, మంచి ఫర్నేస్ అందులో 95 శాతం ఇంటికి అందిస్తుంది. మాటవరసకి థర్మ్ ఒక డాలర్, కరెంటు 15 సెంట్లు అనుకోండి. గ్యాస్‌తో యూనిట్ వేడికి మూడున్నర సెంట్లు పైచిలుకు పడుతుంది. హీట్ పంప్‌తో మామూలు చలిలో 5, గడ్డ చలిలో ఏడున్నర. ఈ ధరల్లో బిల్లు సగం కావడం అటుంచి, పెరుగుతుంది. వాళ్లింట్లో గ్యాస్ కాకుండా కరెంటు కాయిల్ హీటర్లుంటే యూనిట్ వేడికి 15 సెంట్లూ పడేవి, అప్పుడు హీట్ పంపే పెట్టించమనేదాన్ని.

ఏది పెట్టినా ముందు అటక మీద, కిటికీల దగ్గర గాలి జారే సందులు మూయించమనండి. దానికయ్యే ఖర్చు తక్కువ, ఆ తర్వాత చిన్న యంత్రమే సరిపోతుంది. ఇల్లు ఎంత వేడి పోగొట్టుకుంటోందో లెక్క కట్టకుండా, చదరపు అడుగులు చూసి సైజు చెప్పేవాళ్ల కొటేషన్ పక్కన పెట్టమనండి. ఆ లెక్కని అక్కడ మాన్యువల్ జె అంటారు. హీట్ పంప్‌కి 2,000 డాలర్ల దాకా ఇచ్చిన కేంద్ర పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. పాత కరపత్రం చూపించి దాన్ని ధరలో కలిపారేమో చూసుకోమనండి. రాష్ట్రం, కరెంటు కంపెనీ ఇచ్చే రాయితీలు వేరు, అవి అడగాలి.

వాళ్లిద్దరికీ జీతాలొస్తాయి, అక్కడ నెలవారీ వాయిదాలూ దొరుకుతాయి. మీ ఖాతా మూస్తే ఆ వడ్డీ మీకెవరు ఇస్తారు? చెయ్యి ఊరుకోకపోతే, మామూలు పొదుపు ఖాతాలోంచి లక్షో రెండు లక్షలో, సందులు మూయించే ఖర్చుకని పంపండి. బ్యాంకులో పాన్ చూపించి ఎల్‌ఆర్‌ఎస్ కింద, అంటే విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంక్ పథకం కింద, పంపొచ్చు. ఏడాదికి 10 లక్షల లోపు ముందస్తు పన్ను పట్టరు, బిడ్డకిచ్చిన బహుమతికి ఇక్కడ పన్నూ లేదు.

ఒక్కటి మాత్రం ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. పాత ఫర్నేస్ లోపల పగులిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది, దానికి వాసనుండదు. మనుషులు నిద్రలోనే పోతారు. పడకగదుల దగ్గర అలారం ఉందో లేదో చూడమనండి, ఫర్నేస్‌ని ఈ వారంలోనే మెకానిక్‌కి చూపించమనండి.