ఆగని సర్వర్‌ను ఎప్పుడు ఆపాలి

నల్లగొండ

చిరంజీవి నరేశ్‌కు మేనమామ ఆశీస్సులు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల లెక్కలు చూసే సర్వర్ నీ చేతికి వచ్చిందని, అది నెలల తరబడి ఒక్కసారి కూడా ఆగలేదని సంతోషంగా రాశావు. నాకు మాత్రం ఆ మాటే కలవరం కలిగించింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, ఎడతెగకుండా నడిచే ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీని పూర్తిగా వదలక, తెరిచిన ఫైళ్లలో కొన్నింటిని మూయక, లెక్కల్లోని అతి చిన్న తేడాలను పోగేసుకుంటూ క్రమంగా నీరసిస్తుంది. దీనినే సాఫ్ట్‌వేర్ ఏజింగ్ అంటారు. కూలిపోకముందే మనమే ఆపి, శుభ్రమైన స్థితి నుంచి మళ్లీ నడిపించాలన్న పద్ధతిని 1995లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఒక పత్రంలో వివరించారు.

అయితే "అప్పుడప్పుడు రీస్టార్ట్ చేయండి" అని రాసిపెడితే సరిపోదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ 100 గంటలకు పైగా ఆగకుండా నడిచి ఉంది. దాని గడియారంలో అప్పటికి సుమారు 0.34 సెకను తేడా పేరుకుపోవడంతో, వస్తున్న స్కడ్ క్షిపణిని అది పట్టుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. చాలాసేపు నడిపితే గురి తప్పుతుందన్న హెచ్చరిక అంతకు కొద్ది రోజుల ముందే వెళ్లింది కానీ, చాలాసేపు అంటే ఎన్ని గంటలో అందులో ఎవరూ రాయలేదు. అది చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నువ్వు మాత్రం రీస్టార్ట్ గడువును అంకెల్లోనే రాయి.

ఆ అంకె కొలిస్తేనే తెలుస్తుంది. నీ సర్వర్‌లో నడిచేది జావా భాషలో రాసిన ప్రోగ్రామ్ కాబట్టి, మెమరీ వాడకం ఎంత పైకి లేచిందన్నది చూడకు. ప్రతి పూర్తి గార్బేజ్ కలెక్షన్, అంటే ఇక అవసరం లేని మెమరీని జావా తానే ఖాళీ చేసుకునే పని, తరువాత అది ఎంతవరకు దిగిందో చూడు. ఒకే రకమైన పని ఉన్న రోజుల్లో కూడా అలా దిగిన మట్టాలను కలిపే అడుగు గీత పైకి జరుగుతూ ఉంటే, ఎక్కడో లీక్ ఉన్నట్టే, అంటే అవసరం తీరిన మెమరీని ప్రోగ్రామ్ వదలడం లేదన్నమాట. తెరిచి ఉన్న ఫైళ్ల సంఖ్యను కూడా రోజూ ఒకే వేళకు రాసుకో. గీత పరిమితిని తాకే రోజును అంచనా వేసి, దానికి చాలా ముందే గడువు పెట్టు.

యాసంగి వడ్లు దిగే రోజుల్లో లారీలు కాంటా ముందు బారులు తీరి ఉంటాయి కనుక, ఆ పని మొదలుకాకముందే ఒకసారి, తరువాత గడువు ప్రకారం అర్ధరాత్రి దాటాక రీస్టార్ట్ చెయ్యి. రెండు సర్వర్లు ఉంటే ఒకదానికి కొత్త పనులు వెళ్లకుండా ఆపి, చేతిలో ఉన్నవి ముగిశాకే దించు. అది తిరిగి లేచి సరిగా జవాబిస్తున్నదని చూసుకున్నాకే రెండోదాన్ని ముట్టుకో.

దించే ముందు హీప్ డంప్, అంటే ఆ క్షణాన ప్రోగ్రామ్ మెమరీలో ఉన్నదంతా రాసుకున్న ఫైల్, తీసి దాచడం మరువకు. రీస్టార్ట్‌తో మెమరీలోని లీక్ ఆనవాళ్లు చెరిగిపోతాయి. అవి లేకపోతే ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్ని సరిచేయడం చాలా కష్టం. మొదటి వారం అంకెలు, ఆ డంప్ రెండూ నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ మేనమామ