పాత బస్తీని బాగుచేస్తున్నప్పుడు అక్కడి చేతిపని వ్యాపారాలకి ఎలా సపోర్ట్ చేయాలి?

చార్మినార్ చుట్టూ ఇంత ఖర్చు పెడుతున్నారు, మరి అక్కడి కారీగర్లకి ఏం చేస్తే మంచిది అని అడిగారు. ముందు కిరాయి సంగతి చూడండి అంటా నేను. ట్రైనింగులు, ఎగ్జిబిషన్ స్టాళ్లు అన్నీ ఆ తర్వాతే.

నాది చార్మినార్ పక్కనే ఉన్న లాడ్ బజార్‌లో లక్క గాజుల వ్యాపారం. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లికూతురి తల్లి పట్టుచీర అంచు ముక్క పట్టుకుని వచ్చింది, చిలకపచ్చా కాదు ఆకుపచ్చా కాదు, షాపులో ఒక్క గాజూ దానికి మ్యాచ్ కాలేదు. వెనక గల్లీలోనే మాకు గాజులు చేసిపెట్టే చాచా కార్ఖానా, ఆమెని అక్కడికే తీసుకెళ్లా. చాచా బొగ్గుల పొయ్యి మీద లక్క మెత్తబరిచి, రంగు కొంచెం కొంచెం కలుపుతూ, ముద్దని ప్రతిసారీ ఆ గుడ్డ పక్కన పెట్టి చూసుకుంటూ "ఇంకొంచెం పసుపు పడాలమ్మా" అంటూ చివరికి ఆ రంగు పట్టేశాడు. ఇక దాన్ని సన్నగా సాగదీసి చుట్టడం, వేడి ఆరకముందే పక్కింటి ఆడవాళ్లు ఒక్కో రాయి అద్దడం, సాయంత్రానికి సెట్టు రెడీ.

తర్వాత రోడ్డు మీద గ్రానైట్ పరిచారు, లైట్లు పెట్టారు, జనం పెరిగారు, మంచిదే. కానీ ఓనర్ కిరాయి డబుల్ చేశాడు, అగ్రిమెంట్ కాగితం లేదు, చాచా ఊరి చివరికి వెళ్లిపోయాడు. ఇంటిపని మధ్యలో వచ్చి రాళ్లు అద్దే ఆడవాళ్లు అంత దూరం ఎలా పోతారు? ఇప్పుడు రంగు ఫోన్‌లో ఫొటో పెడుతున్నా, ఫోన్‌లో ఒకలా, చేతిలో ఇంకోలా, సెట్లు వాపస్ వస్తున్నాయి.

1935 నాటి మొజంజాహీ మార్కెట్ చూడండి, 2020లో బాగుచేశాక కూడా పాత ఐస్‌క్రీం షాపులు అక్కడే ఉన్నాయి. ఎందుకు? బిల్డింగ్ జీహెచ్ఎంసీది, అంటే మన సిటీ కార్పొరేషన్‌ది కాబట్టి, నన్నడిగితే ఇంకో కారణమే లేదు.

ఇంకో బాధ. 2024లో మా గాజులకి జీఐ ట్యాగ్, అంటే ఇవి ఈ ఊరి సరుకే అని చెప్పే సర్కారు గుర్తింపు వచ్చింది, అందరూ సంబరపడ్డాం. కానీ చేతిపనివాళ్ల కోసం కేంద్రం 2023లో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ స్కీములో 5 శాతం వడ్డీకి లోన్ ఇచ్చే 18 పనుల్లో గాజుల పని లేదు! బొమ్మలు చేసేవాళ్లున్నారు, పూలమాలలు కట్టేవాళ్లున్నారు, చాలా సంతోషం, మరి పొద్దంతా పొయ్యి ముందు కూర్చునే మావాళ్లు ఏం పాపం చేశారు?

సర్కారు చేతిలో ఉన్న పాత బిల్డింగుల్లో పై గదులు కార్ఖానాలకి పదేళ్ల లీజుకి ఇవ్వండి, కిరాయి కాగితం మీద రాసి మరీ. ఇప్పుడు ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు, గజం లెక్కన కట్టే పరిహారం ఓనర్‌దే. ఆ గదిలో కిరాయికి ఉండి పని చేసుకునేవాడికి అక్కడికి నడిచి వచ్చేంత దగ్గర్లో ఇంకో గది చూపించి, ఆ తర్వాతే గోడ మీద చెయ్యి వేయాలి.