నాన్నగారి తాళాలకు ఏ ట్యాగ్ కొనాలి? – సమాధానం

నాన్నగారు ఇంటి తాళాలు రోజూ ఎక్కడో పెట్టి మరచిపోతున్నారని, తాళాలకు తగిలించి ఫోన్‌తో మోగించి వెతుక్కునే చిన్న పరికరం, అదే ట్యాగ్, ఏది కొనాలని అడుగుతూ ఆయనది ఆండ్రాయిడ్ ఫోనని రాశారు కదండీ. అలాగైతే యాపిల్ వాళ్ల ఎయిర్‌ట్యాగ్ వద్దు. దాన్ని సెట్ చేయాలంటే ఐఫోనో ఐప్యాడో ఉండాల్సిందే. గూగుల్ ఫైండ్ హబ్‌తో (పోయిన వస్తువుల్ని వెతికిపెట్టే గూగుల్ యాప్) పనిచేస్తుందని పెట్టె మీద రాసున్నది తీసుకోండి.

ఇంట్లో వెతకడానికి మ్యాప్ పెద్దగా అక్కరకు రాదు, మోతే ముఖ్యం. నా మాట విని గట్టిగా మోగేదే చూడండి. పెద్దవాళ్ల చెవికి సన్నటి కీచు శబ్దం అందదు, పైగా ఫ్యాను చప్పుడొకటి. తాళాలు ఇనుప బీరువాలో ఉండిపోతే బ్లూటూత్ సిగ్నల్ సరిగా రాదు, తలుపు తీసి మోగించండి. కళ్లజోడుకైతే దాని డబ్బాకి తగిలించడమే.

చాలా ట్యాగుల్లో సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది. పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. పాతది తీసిన వెంటనే వాళ్లకు అందకుండా పెట్టండి.