తామర సరే, మోచేతి కింద ఆ మచ్చ సంగతేమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. మార్కెటింగ్ ఉద్యోగం, రోజంతా బైక్ మీదే తిరుగుతాను. ఎనిమిది నెలలుగా తొడల మధ్య, నడుము చుట్టూ తామర ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఇప్పుడు ఆ చోటంతా నల్లబడింది, చారలు కూడా పడ్డాయి. నలుపు పోవాలంటే ఏ సబ్బు, ఏ క్రీమ్ వాడాలి? ఎడమ మోచేతి కింద పాలిపోయిన మచ్చ కూడా ఒకటి ఉంది. దురద, నొప్పి లేవు కాబట్టి దానితో ఇబ్బంది లేదు. బైక్ నడపడం వల్లేమో, ఆ చేతి చిటికెన వేలు తరచూ తిమ్మిరెక్కుతోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సబ్బు సంగతి తర్వాత. మీరు ‘ఇబ్బంది లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన మచ్చ గురించి ముందు మాట్లాడాలి. పాలిపోయిన మచ్చ, దురద లేదు, నొప్పి లేదు, అదే చేతి చిటికెన వేలికి తిమ్మిరి. ఇవన్నీ ఒకే మనిషిలో కనిపిస్తే చర్మ వైద్యులెవరైనా మొదట ‘ఇది కుష్టు కాదు కదా’ అని చూసుకుంటారు. మీకు అదే ఉందని నేను అనడం లేదు. చూడకుండా, తాకకుండా ఆ మాట ఎవరూ అనకూడదు. కానీ పరీక్ష చేయించుకోకుండా వదిలేయడానికి మాత్రం వీల్లేదు.

పాలిపోయిన మచ్చలన్నీ ఒకటి కావు. వీపు మీద, ఛాతీ మీద చిన్న చిన్నగా, గీకితే సన్నని పొట్టు రాలేవి ఎక్కువగా శోభి మచ్చలు. చెమట ఎక్కువ పట్టే మన ఎండల్లో ఇవి మామూలే. పిల్లల బుగ్గల మీద వచ్చే తెల్ల మచ్చలను నులిపురుగుల వల్ల అంటుంటారు, చాలామందిలో అది చర్మం పొడిబారడమే. బొల్లి అయితే సున్నం పూసినట్టు పూర్తిగా తెల్లగా ఉంటుంది, స్పర్శ మాత్రం మామూలుగానే ఉంటుంది. కుష్టు మచ్చ అంత తెల్లగా ఉండదు. కాస్త పాలిపోయి, ఒక్కోసారి రాగి రంగులో ఉంటుంది. దాని మీద వెంట్రుకలు పలచబడతాయి, చెమట పట్టదు, స్పర్శ తగ్గుతుంది. దురద లేదని మీరు సంతోషించారు. నన్ను ఆలోచనలో పడేసింది అదే.

ఒక చిన్న పని చేయండి. మీరు కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా దూది కొసను సన్నగా మెలితిప్పి ఒకసారి మచ్చ మీద, ఒకసారి పక్కనున్న మామూలు చర్మం మీద తాకించమనండి. ఎక్కడ తాకిందో మీరు వేలితో చూపించగలగాలి. సూదులతో గుచ్చడం, వేడినీళ్లు పోసి చూడటం లాంటి ప్రయోగాలు వద్దు. స్పర్శ బాగానే తెలిసినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, ఎందుకంటే మొదట్లో తేడా అంతగా తెలియదు. చిటికెన వేలికి వెళ్లే నరం మోచేతి లోపలి వైపు ఎముక వెనక నుంచి వెళ్తుంది. అది లావెక్కిందా, నొక్కితే నొప్పిగా ఉందా అన్నది డాక్టరు చేత్తో తడిమి చూస్తారు. బైక్ వల్లా తిమ్మిరి రావచ్చు, మెడ ఎముకల వల్లా రావచ్చు, షుగర్ వల్లా రావచ్చు. అది తేల్చాల్సింది మీరు కాదు.

కుష్టు అని తేలినా టెన్షన్ పడాల్సిన కాలం కాదిది. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మచ్చలు అయిదు వరకు ఉంటే మామూలుగా ఆరు నెలలు, అంతకంటే ఎక్కువైతే ఏడాది కోర్సు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటించే అవకాశం దాదాపు పోతుంది. ఇంట్లోవాళ్లను కూడా పరీక్షించి, అవసరమైతే ముందు జాగ్రత్తగా ఒక్క డోసు మందు ఇస్తారు. జాతీయ స్థాయిలో ఇది ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని 2005లో ప్రకటించాక జనం దీన్ని మర్చిపోయారు. కానీ ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నాయి. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే వస్తే తిరిగి బాగుపడే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే మచ్చ మానుతుంది కానీ వేలు వంకరపోతుంది.

ఇక ఆ ట్యూబ్. పేరు రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. నాలుగు రోజుల్లో తగ్గి, ఆపగానే తిరగబెట్టిందంటే అందులో క్లోబెటసాలో, బీటామెథాసోనో ఏదో ఒక స్టెరాయిడ్ ఉండే ఉంటుంది. స్టెరాయిడ్ ఫంగస్‌ను చంపదు. ఎరుపును, దురదను అణిచిపెడుతుంది, అంతే. పైన అంతా చల్లబడినట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది. గుండ్రంగా, అంచు ఉబ్బి ఉండాల్సిన తామర చివరికి పోలికే మారిపోతుంది. ఒక్కోసారి చూసిన డాక్టరు కూడా మరో జబ్బనుకునేంతగా మారుతుంది. మీకు పడిన చారలు చర్మం పలచబడటం వల్ల వచ్చినవే కావచ్చు. అవి కొంత వెలిసిపోతాయేమో గానీ పూర్తిగా పోవు. ఈ మాట చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. స్టెరాయిడ్ పైపూతలను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా నా ఓపీలో రోజూ ఎవరో ఒకరు జేబులోంచి ఇలాంటి ట్యూబ్ తీస్తూనే ఉన్నారు. షాపతను ఇచ్చాడు సరే, ఎనిమిది నెలలు మీరెలా రాశారండీ? బ్రేకు పాడైన బైకును ఎనిమిది నెలలు మెకానిక్‌కు చూపించకుండా నడుపుతారా?

స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. పైన చెప్పిన నరాన్ని కాపాడటానికి అవసరమైతే మేమే స్టెరాయిడ్ మాత్రలు రాస్తాం. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నదే ప్రశ్న. ఆ ట్యూబ్ మోచేతి మచ్చ మీద కూడా రాశారా? రాసుంటే తప్పకుండా చెప్పండి, స్టెరాయిడ్ వల్ల కూడా చర్మం పాలిపోతుంది.

ట్యూబ్ ఆపాక కొన్నాళ్లు దురద, మంట పెరగవచ్చు. అప్పుడే చాలామంది మళ్లీ షాపుకు పరిగెడతారు. వెళ్లకండి. ఇప్పటి తామర పాతరోజుల తామర కాదు. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన ఫంగస్ రకం, తామరకు మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్ మందుకు తరచూ లొంగడం లేదు. మీకు ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు అవసరం కావచ్చు. అయితే గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు అది ఇవ్వకూడదు, కొలెస్ట్రాల్ మాత్రలు కొన్నింటితో పడదు, లివర్ పరీక్ష కూడా అవసరపడవచ్చు. అందుకే మోతాదు ఇక్కడ రాయడం లేదు. వారాల తరబడి వాడాలి, మచ్చ కనబడకపోయినా డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. మీ భార్యకో పిల్లలకో దురద ఉందా అన్నది రాయలేదు. ఉంటే అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, లేకపోతే ఒకరినుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే. లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. బిగుతు జీన్స్ కొన్నాళ్లు పక్కన పెట్టండి.

నలుపు విషయానికొస్తే, ఫంగస్ పూర్తిగా పోయాక అది కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఏ సబ్బూ అక్కర్లేదు. నిమ్మకాయ, వంటసోడా రుద్దకండి. తెల్లబరిచే క్రీములు అసలొద్దు, వాటిలోనూ కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మెడ వెనక, చంకల్లో కూడా మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడి ఉంటే మాత్రం షుగర్ పరీక్ష చేయించుకోండి. తొడల మధ్య గోధుమరంగు మచ్చ అరుదుగా బాక్టీరియా వల్ల కూడా వస్తుంది. వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద అది పగడపు ఎరుపులో మెరుస్తుంది, దాని మందులు వేరు.

ఈ వారంలోనే చర్మ వైద్యులను కలవండి. వీలు కాకపోతే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. ఆ రోజు ఒంటికి ఏ మందూ రాయకుండా వెళ్లండి, పొట్టు గీకి మైక్రోస్కోపులో చూడటానికి వీలుగా ఉంటుంది. ట్యూబ్ అట్టపెట్టెతో సహా తీసుకెళ్లండి. ఈలోగా చేతి పట్టు తగ్గినా, వేళ్లు చాపలేకపోయినా, మోచేతి దగ్గర నొప్పి మొదలైనా వారం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.