డ్యూటీలో రీల్ తీసినందుకు ఎస్ఎఫ్-11 వస్తే
తమ్ముడూ, మీ బావ విజయనగరం రైల్వే యార్డ్‌లో షంటింగ్ (వ్యాగన్లని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చే పని) రీల్ ఇన్‌స్టాలో పెడితే ఎస్ఎఫ్-11 ఇచ్చారు, ఏటి చెయ్యాలని అడిగావు కదా. కంగారు పడకండి, అది మైనర్ పెనాల్టీ ఛార్జ్‌షీట్, అంటే చిన్న శిక్షలకి ఇచ్చే నోటీసు, దాంతో ఉద్యోగం పోదు. కానీ 10 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇచ్చి తీరాలి, ఊరుకుంటే జవాబు లేదని నేరుగా పెనాల్టీ వేసేస్తారు.

రీల్ తీసెయ్యమను, తీసేసినట్టు జవాబులోనే రాయమను, నేను పెట్టలేదని మాత్రం బొంకొద్దు, స్క్రీన్‌షాట్ వాళ్ల దగ్గర ఉంటాది. ఇచ్చేముందు యూనియన్ బ్రాంచ్ వాళ్లకి ఒకసారి చూపించండి, రిసీవ్డ్ సంతకం ఉన్న కాపీ దాచుకోండి.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది ఆ ఛార్జ్‌షీట్‌కి కాదు తమ్ముడూ, ఒక చేతిలో పచ్చజెండా ఇంకో చేతిలో ఫోను, వెనకాల వ్యాగన్లు కదుల్తున్నాయని రాసావు చూడు, దానికి. యూనిఫాంలో ఇంటిదగ్గర దిగిన ఫొటో వేరు, ఇది వేరు. రైల్వే ఉద్యోగులు ఎలా నడుచుకోవాలో చెప్పే 1966 కాండక్ట్ రూల్స్ ప్రకారం ఆఫీసు కాయితాలు బయటపెట్టినా, ప్రభుత్వాన్ని విమర్శిస్తూ పోస్టులు పెట్టినా కూడా తప్పే, అదీ చెప్పు.