ఫ్రీ టెక్ కాన్ఫరెన్స్‌లో స్పాన్సర్ దొరికాకే అసలు తిప్పలు

విశాఖలో రెండొందల మందితో ఫ్రీగా ఒకరోజు టెక్ కాన్ఫరెన్స్ పెడదామనుకుంటున్నాం, స్పాన్సర్ ఒకరు దొరికితే సరిపోతుందా అని అడిగారు కదా. మేం హైదరాబాద్‌లో ఆరుగురం కలిసి మూడేళ్ళు పెట్టాం, నాలుగో ఏడు పెట్టలేకపోయాం, ఆ అనుభవంతో చెప్తున్నా.

స్పాన్సర్ దొరకడం సరే, ఆ డబ్బు ఏ అకౌంట్‌లో పడాలో ముందు చూసుకోండి. మొదటి ఏడు ఒక కంపెనీ వాళ్ళు లక్ష ఇస్తామంటే ఎగిరి గంతేశాం, తీరా వాళ్ళ ఫైనాన్స్ నుంచి మెయిల్, వెండర్‌గా రిజిస్టర్ అవ్వండి, పాన్ పంపండి, జీఎస్టీ ఇన్వాయిస్ పంపండి అని. మాకు సొసైటీ లేదు, ట్రస్టూ లేదు, ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు. చివరికి మాలో ఒకడి సొంత అకౌంట్‌లో వేయించుకున్నాం, అదీ టీడీఎస్ పోను, ఈవెంట్ అయిన మూడు నెలలకి. అప్పటిదాకా కేటరింగ్‌కీ బ్యానర్లకీ మా క్రెడిట్ కార్డులే గీకాం. రిటర్న్స్ వేసేటప్పుడు ఇది నా సంపాదన కాదు మొర్రో అని వాడు ఆడిటర్ దగ్గర మొత్తుకున్నాడు పాపం. పోనీ గ్రాంట్స్ ఉన్నాయిగా అంటారేమో, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష బాగోగులు చూసే పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అంతటిదే 2025లో గ్రాంట్లకి పెట్టుకున్న బడ్జెట్ అయిపోయి వాటిని మధ్యలో ఆపేసింది, వాటి మీదే ఆధారపడకండి.

దీనికన్నా పెద్ద తలనొప్పి వస్తామని రాకపోవడం. 300 పైన రిజిస్టర్ అయ్యారు, సగం మందే వస్తార్లే అని తెలివిగా 180 భోజనాలు చెప్పాం, వచ్చింది 110. కేటరింగ్ ఆయనకి కౌంట్ ముందు రోజు సాయంత్రమే చెప్పాలి, తర్వాత తగ్గిస్తే ఒప్పుకోడు. మిగిలిన వెజ్ బిర్యానీ, పెరుగన్నం ఆటోలో వేసుకుని పక్క హాస్టల్‌కి ఇచ్చొచ్చేసరికి మధ్యాహ్నం రెండు ప్రసంగాలు అయిపోయాయి, ఆర్గనైజర్లం మేమే వినలేదు. రెండో ఏడు 200 రూపాయలు డిపాజిట్, వచ్చినవాళ్ళకి వెనక్కి అన్నాం. జనం బాగానే వచ్చారు కానీ ఒక్కొక్కరికీ యూపీఐలో తిరిగి కొడుతూ ఒక వాలంటీర్ రోజంతా గేటు దగ్గరే కూర్చున్నాడు. మూడో ఏడు విసుగొచ్చి వంద రూపాయలు టికెట్ పెట్టాం, కమ్యూనిటీ పేరుతో దోచుకుంటున్నారని కామెంట్లు, అయినా నేనైతే ఇప్పటికీ వందే పెడతా.

బ్రస్సెల్స్‌లో ఫాస్‌డెమ్ అని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ కాన్ఫరెన్స్ ఉంది కదా, ఏటా వేల మంది వస్తారు, టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో వారాంతంలో పెడతారు, తిండి మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. మేం ఫ్రీ అనగానే భోజనం కూడా మనమే పెట్టాలి అనుకున్నాం చూడండి, అక్కడే దెబ్బతిన్నాం. మన దగ్గర భోజనం లేదంటే బాగోదు, నిజమే, కానీ టీ, సమోసా ఇచ్చి దగ్గర్లో టిఫిన్ సెంటర్ చూపిస్తే ఎవరూ అలగరు.

కాలేజీ హాల్ ఫ్రీగా ఇస్తారు, కాకపోతే దానికో లెక్క ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పెద్దల ప్రసంగాలు, అలా గంట పోయి మా మొదటి స్పీకర్ నలభై నిమిషాల టాక్ పావుగంటలో ముగించాడు, బెంగళూరు నుంచి సొంత ఖర్చుతో వచ్చాడు పాపం. పైగా హాల్ నిండాలని సెకండియర్ పిల్లల్ని అటెండెన్స్ పేరుతో తెచ్చి కూర్చోబెట్టారు, వాళ్ళు లంచ్ వరకే ఉన్నారు.

నాలుగో ఏడు ఎందుకు పెట్టలేదంటే, ఇద్దరికి పిల్లలు పుట్టారు, ఒకడు కెనడా వెళ్ళాడు, మిగిలిన ముగ్గురం ఫోన్లు ఎత్తడం మానేశాం.

మీరు మొదటిసారి రెండొందలు వద్దు, ఎవరిదైనా ఆఫీసు మీటింగ్ హాల్లో శనివారం అరవై మందితో చెయ్యండి. అన్నట్టు, ప్రొజెక్టర్ పనిచేస్తుందా అని ఫోన్‌లో అడిగితే అందరూ పనిచేస్తుందనే అంటారు, ముందు రోజు లాప్‌టాప్ పట్టుకెళ్ళి పెట్టి చూసుకోండి.