సస్పెన్షన్ ఆయిల్ ఫ్లష్ చేయిస్తే బండి పాడైంది, కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. సెకండ్ హ్యాండ్‌లో లెక్సస్ ఎల్‌ఎక్స్ కారు కొన్నాను, ఆర్‌సీ నా పేరు మీదే ఉంది. మార్చిలో విశాఖలో ఒక గ్యారేజీలో హైడ్రాలిక్ సస్పెన్షన్ (ఆయిల్ ఒత్తిడితో బండి ఎత్తు మార్చి, కుదుపులు తగ్గించే ఏర్పాటు) ఆయిల్ ఫ్లష్ చేయించి, అంటే పాతది తీసేసి కొత్తది పోయించి, 46 వేలు కట్టాను. వారం తిరక్కుండానే ఎత్తు పెంచే ‘హై’ బటన్ నొక్కితే బండి లేవడం మానేసింది, గుంత తగిలితే నడుం విరిగినట్టు ఉంటోంది. అడిగితే గ్లోబులు (సస్పెన్షన్‌లో కుదుపు తట్టుకునే గ్యాస్ గుండ్లు) ముందే పోయాయి, మా తప్పు కాదంటున్నారు. బండి కోటి పైన చేస్తుంది కాబట్టి స్టేట్ వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా? ఈలోగా శ్రీకాకుళంలో తెలిసిన మెకానిక్ మళ్లీ ఫ్లష్ చేసేస్తానంటున్నాడు, చేయించనా?

జవాబు: చేయించకండి. మిగతావన్నీ తర్వాత. ఇప్పుడు ఆ ట్యాంకులో, పైపుల్లో ఉన్న ఆయిలే మీ సాక్షి. దాన్ని పారబోయించారంటే రేపు కమిషన్ ముందు మీ మాట, వాళ్ల మాట తప్ప ఇంకేం మిగలదు.

ఈ బండ్లలో పోసేది దానికోసమే తయారైన మినరల్ రకం ఆయిల్, అందులో బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి. సరైన ఆయిలే పోసినా, బ్లీడర్లు (ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న స్క్రూలు) విప్పినప్పుడు ట్యాంకు ఖాళీ కానిస్తే పంపులోకి గాలి వెళ్తుంది. ఇవి గ్యారేజీ తప్పులు. అయితే వాళ్లు చెప్పే గ్లోబుల సంగతి కూడా నిజం కావచ్చు: లోపల నైట్రోజన్ గ్యాస్ తగ్గిపోతే బండి బిరుసెక్కుతుంది, కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన అది తిరిగి రాదు. దీన్ని పట్టుకునే తేలిక పరీక్ష ఉంది. బండి లేవగలిగితే, ‘లో’ (తక్కువ ఎత్తు) నుంచి హైకి లేపినప్పుడు ట్యాంకులో ఆయిల్ బాగా దిగాలి, కొద్దిగానే దిగితే గ్లోబుల మీద అనుమానం పెట్టుకోవాలి. వేరే అనుభవమున్న మెకానిక్ చేత ఇది చేయించి, ట్యాంకు మీది ఆయిల్ మట్టం గీతలు కనపడేలా వీడియో తీసి, అతని చేత రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ భాగం) అంచు దాకా నాలుగు చక్రాలకూ టేపు పట్టి కొలతలు కూడా రాయించండి. (బ్లీడర్ ఎవరు విప్పినా బండి కింద మనిషి ఉండకూడదు, ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది.)

తర్వాత స్పీడ్ పోస్టులో గ్యారేజీకి నోటీసు పంపండి: ఏ ఆయిల్ పోశారు, ఎన్ని లీటర్లు, జాబ్ కార్డు (చేసిన పని రాసిన కాగితం) కాపీ ఇవ్వండి, ఫలానా తేదీన శాంపిల్ తీస్తున్నాం, వచ్చి చూసుకోండి అని. వాళ్లు రాకపోయినా ఇద్దరు సాక్షుల ముందు శుభ్రమైన సీసాలో తీసి సీలు వేసి సంతకాలు పెట్టించండి. ఆయిల్ కూడా వాళ్లు అమ్మిన సరుకే కాబట్టి, వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌నే అడగవచ్చు, దాని ఫీజు ముందు మీరే కట్టాలి.

కోటి గురించి టెన్షన్ వద్దు. మీ గొడవ బండి కొన్నదాని మీద కాదు, 46 వేలు కట్టి చేయించుకున్న పని మీద. ఏ కమిషన్ అనేది సేవకు కట్టిన డబ్బును బట్టే ఉంటుంది, జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల దాకా. మీది అందులోకే వస్తుంది, 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు కూడా లేదు. పైగా మీరు విశాఖ వెళ్లనక్కర్లేదు, సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోటే వేయవచ్చు, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే. బిల్లు కింద ‘విశాఖ పరిధి మాత్రమే’ అని అచ్చువేసి ఉంటే భయపడకండి, చట్టం ఇచ్చిన హక్కును బిల్లు మీది లైను తీసేయలేదనేదే నా వాదన.

బిల్లు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే అదే వేరే తప్పు, సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది, యూపీఐ రసీదూ వాట్సాప్ చాటూ దాచుకోండి. ఫోను పాడైతే పోతాయి, ఇవాళే ఇంకో చోట కాపీ పెట్టండి.

గడువు రెండేళ్లు, కానీ మీరు అంత ఆగకూడదు, ఎందుకంటే ఆ ఆయిల్‌తోనే తిరిగినకొద్దీ పాడైంది ఎప్పుడో తేల్చడం కష్టమవుతుంది. బండిని షెడ్డులో పెట్టి, మీటర్ రీడింగు ఫొటో తీసుకోండి. నోటీసుకు 15 రోజులు చూసి, జవాబు రాకపోతే కాగితాలన్నీ పట్టుకుని రండి.